సహరీలో మింగిన మాత్ర, పగలు కరిగే మందు

“మాత్ర సహరీలోనే మింగాను. కాని అది ఫజ్ర్ తర్వాతే కరుగుతుందట. మరి నా రోజా నిలుస్తుందా?” రమజాన్ దగ్గరపడగానే ఎల్‌బీ నగర్, దిల్‌సుఖ్‌నగర్ వైపు మస్జిదుల్లో వినిపించే సందేహమిది. దీనికి భయపడి మందే మానేసేవారూ ఉన్నారు. కనుక విషయాన్ని స్పష్టంగా తెలుసుకోవడం అవసరం.

జీర్ణాశయంలో ఘాటైన ఆమ్లం ఉంటుంది. చిన్నప్రేగులకు చేరేసరికి ఆ ఘాటు బాగా తగ్గుతుంది. కొన్ని మాత్రలకు ఆమ్లంలో కరగని పూత వేస్తారు. పి.హెచ్. విలువ సుమారు 5.5 దాటిన చోటే అది కరుగుతుంది. ఆస్పిరిన్ కడుపు పొరకు నేరుగా తగలకుండా, ఒమెప్రజోల్ ఆమ్లంలో నశించకుండా ఈ పూత కాపాడుతుంది. మన హైదరాబాదు సంస్థ డాక్టర్ రెడ్డీస్ 1991లో తెచ్చిన ఓమెజ్ క్యాప్సూల్‌లోని చిన్న గుళికలకు ఉన్నది ఇలాంటి పూతే. కడుపు నిండా తిన్నప్పుడు మాత్ర ప్రేగులకు చేరడం మరింత ఆలస్యమవుతుంది.

ఇక ధర్మం విషయం. రోజా భంగమయ్యేది ఉపవాస వేళలో తినడం, త్రాగడం, మింగడం వల్ల. ముందే లోపలికి వెళ్ళినది ఎప్పుడు కరిగిందన్నది ప్రశ్న కాదు. సహరీలో తిన్న రొట్టె కూడా ఫజ్ర్ తర్వాత గంటల తరబడి అరుగుతూనే ఉంటుంది. దానితో రోజా పోయిందని ఎవరూ అనరు. మాత్ర కూడా అంతే. అదే మాత్రను పగలు మింగితే, పూత కరగకపోయినా రోజా భంగమవుతుంది. రెండు చోట్లా లెక్కకు వచ్చేది మనం చేసిన పనే.

“పగలంతా మందు బలం పొందుతూ రోజా అనుకోవడం ఉపాయం కాదా?” అని కొందరంటారు. కాదు. సహరీ భోజనపు బలం కూడా పగటికే కదా! అయినా దైవప్రవక్త (సల్లం) సహరీని శుభప్రదమన్నారు. ఆరాధన ఉద్దేశం దేహాన్ని శిక్షించడం కాదు, అల్లాహ్ ఆజ్ఞకు లోబడటం.

అందుకే త్వరగా కరగాలని పూత మాత్రను నూరి మింగకండి. దానివల్ల రోజాకు మేలు లేదు, దేహానికి హాని ఉంది. మందు వేళ మార్చాలంటే వైద్యుణ్ణి అడగండి. పగలు మందు తప్పనిసరైన రోగికి రోజాను తర్వాత పూర్తి చేసుకునే సౌలభ్యాన్ని దివ్యఖుర్ఆన్ అల్ బఖరా సూరాలో (184, 185) ఇచ్చింది. కోలుకునే ఆశ లేనివారు ఫిద్‌యా గురించి ఆలిమ్‌లను అడగాలి. అల్లాహ్ ఇచ్చిన సౌలభ్యాన్ని స్వీకరించడమూ విధేయతే.

అల్లాహ్ మన ఉపవాసాలను స్వీకరించుగాక, రోగులకు స్వస్థత ప్రసాదించుగాక! ఆమీన్.