ఐదో నట్టు

జీపు చక్రానికి ఐదు నట్లు. పాత జీపుల సంగతే చెబుతున్నాం. మదనపల్లె టమోటా మండీకి తెల్లారకముందే గంపలు మోసుకొచ్చిన జీపులు. పుంగనూరు సంతకు మనుషుల్ని వేలాడేసుకుని పోయిన జీపులు. కుప్పం స్టేషన్ బయట తెలుగు, తమిళం, కన్నడం మూడింట్లోనూ కేకలేసి జనాన్ని ఎక్కించుకున్న జీపులు. వాటి కింద వెల్లకిలా పడుకుని పనిచేసిందెవరు? ఎక్కువగా మేమే. ముస్లింలలో సొంత చేతిపని మీద బతికేవాళ్ళు ఎక్కువని 2006లో సచార్ కమిటీ లెక్కలేసి చెప్పింది. ఆ లెక్క మా వీధికి ముందునుంచే తెలుసు. ఆఫీసులో కలం దొరకని చేతికి షెడ్డులో పానా దొరికింది. అంతే.

ఆ పానాతోనే మాకో ప్రశ్న పుట్టింది. ముప్పై ఏళ్ళు దాటినా తెగలేదు.

మా చిచ్చాకు మదనపల్లెలో షెడ్డు ఉండేది. బడి లేని రోజున మేం అక్కడే. నట్టు బిగించడం పెద్ద విద్యా అని నవ్వుకునేవాళ్ళం. "పైలే బిఠా, పిచ్ఛే కస్" అనేవాడు చిచ్చా. ముందు కూర్చోబెట్టు, తర్వాత బిగించు అని. చక్రం గాల్లో ఉండగానే ఐదు నట్లనూ వేళ్ళతో తిప్పి, పానాతో ఒక మోస్తరుగా కూర్చోబెట్టాలి. జాకీ దించి చక్రం నేలకు ఆనాక అసలు బిగింపు. అదీ వరసగా కాదు. ఒకటి బిగించి, పక్కది వదిలి, ఆ తర్వాతది. ఐదూ అయ్యేసరికి పానా నడిచిన దారి ఐదు మూలల నక్షత్రం అవుతుంది. (ఇది చదివి ఏ నక్షత్రమని ఎవరికైనా అనుమానం రావచ్చు. ప్రపంచంలో ఐదు నట్ల చక్రమున్న ప్రతి బండికీ అదే నక్షత్రం.) వరసగా బిగిస్తే రిమ్ము ఒక పక్కకు ఒరిగి కూర్చుంటుంది. నట్టు గట్టిగానే ఉన్నట్టుంటుంది, కొన్ని మైళ్ళు పోయాక వదులవుతుంది.

విల్లీస్ నమూనా పాత జీపుల్లో ఇంకో తిరకాసు ఉంది. ఎడమవైపు చక్రాలకు మర ఉల్టా. చక్రం తిరిగే వాటంలో నట్టు ఊడి రాకూడదని అలా చేశారు. తెలియనివాడు మామూలు వాటాన విప్పబోయి, ఇంకా ఇంకా బిగించి స్టడ్డు విరగ్గొట్టుకునేవాడు. మేం ఉర్దూ కుడినుంచి ఎడమకు రాస్తుంటే, మీదంతా ఉల్టా అని బళ్ళో నవ్వేవాళ్ళు. ఆ నవ్వు వినబడ్డప్పుడల్లా మాకు జీపు ఎడమ చక్రం గుర్తొచ్చేది.

లోపల జరిగేది ఏమిటో పెద్దయ్యాక తెలిసింది. నట్టు బిగిస్తే స్టడ్డు వెంట్రుకవాసి సాగుతుంది. సాగింది స్ప్రింగులాగా వెనక్కు లాగుతుంది. ఆ లాగుడే రిమ్మును డ్రమ్ముకు అదిమిపెడుతుంది. బండిని నిలిపేది ఆ రెండు ఇనుప ముఖాల మధ్య ఒత్తిడీ, రాపిడీ. మనం పెట్టే బలంలో ఇంచుమించు పదో వంతే స్టడ్డును సాగదీస్తుంది, మిగతాదంతా నట్టు రాపిడికే ఖర్చు. అందుకే తుప్పున్న మర బిగిసినట్టు నటిస్తుంది. నూనె పూసిన మర అదే బలానికి మితిమీరి సాగుతుంది. డ్రమ్ము ముఖం మీద కొత్త రంగు గీకకుండా రిమ్ము ఎక్కిస్తే ఆ రంగు నలిగి, నట్టు వదులవుతుంది. జీపు నట్టుకు కావలసింది మీటరు పొడవు పానా చివర సుమారు పది కిలోల బరువు. అరవై కిలోల మనిషి అర మీటరు పానా మీద ఎక్కి నిలబడితే దానికి మూడింతలు. మా వీధిలో సగం మంది ఎక్కి నిలబడే బిగించేవాళ్ళు. నట్టే కాదు, ఆయిల్ సంపు కింది ప్లగ్గును అలా బిగించి మర తినేసినవాళ్ళూ, హెడ్డు బోల్టుల్ని మధ్యనుంచి బయటికి విడతలుగా కాక ఒక చివరనుంచి లాగించి గాస్కెట్ కాల్చుకున్నవాళ్ళూ మా షెడ్డుకే వచ్చేవాళ్ళు.

ఇంత చేసినా పని పూర్తి కాదు. యాభై, వంద కిలోమీటర్లు నడిచాక మళ్ళీ ఒకసారి పానా వేసి చూడాలి. కుప్పం దాకా పోయే బండి అయితే చిచ్చా తప్పకుండా చెప్పేవాడు: "పుంగనూరులో ఆగి చూడండి, కుప్పంలో ఇంకోసారి చూడండి." ఎవరూ ఆగేవాళ్ళు కాదు. "నువ్వు బిగించినాక మళ్ళా చూసేదేంది మేస్త్రీ" అని నవ్వి పోయేవాళ్ళు. ఆ నవ్వులో ఉన్న నమ్మకానికి మా భాషలో మాట ఉంది. అమానత్. ఒకరు మన చేతిలో పెట్టిపోయిన సొత్తు. ఆ సొత్తు జీపు కాదు, అందులో ఎక్కే పదిమంది ప్రాణాలు. పేరు అడగకుండా, కులం అడగకుండా పెట్టిపోయేవాళ్ళు.

1992 డిసెంబరు వచ్చింది. బాబ్రీ మసీదు కూలింది. హైదరాబాదులో కర్ఫ్యూ. చిచ్చా కూతురి అత్తిల్లు అక్కడే, పాతబస్తీలో. ఫోను దొరకడం లేదు. ఆ నెల మూడో వారంలో పదేళ్ళుగా మా షెడ్డుకే వచ్చే ఆసామి జీపు బ్రేకు పనికి వచ్చింది. మాకప్పుడు పన్నెండేళ్ళు. నాలుగు నట్లు కూర్చోబెట్టి, ఐదోది వేళ్ళతో తిప్పి పానా అందుకోబోతుంటే టీ తెమ్మని కేకేశారు. పోయాం. వచ్చేసరికి జాకీ దించి ఉంది. అందరిలాగే అయిందనుకున్నాం. నట్టు నట్టుకూ పానా వేసి చూసే చిచ్చా ఆ రోజు రేడియో దగ్గర ఉన్నాడు.

పదేళ్ళలో ఎన్నడూ ఆగని మనిషి ఆ రోజు పుంగనూరులో ఆగాడు. వెనక్కి తిప్పుకొచ్చాడు. నడివీధిలో జీపు ఆపి, ఐదో నట్టును రెండు వేళ్ళతో తిప్పి చూపించాడు. "ఏం సాయిబ్బూ, మా పిలకాయల్ని చంపేదానికి చూస్తివా?"

నెల ముందయితే ఏమనేవాడు? "ఏం మేస్త్రీ, నిద్రపోయినావా" అనేవాడు. అదే నట్టు, అదే వదులు. మనిషి పొరపాటు ఒక్క నెలలో కుట్ర అయిపోయింది. మేస్త్రీ సాయిబైపోయాడు.

అయినా నట్టు వదులుగానే ఉంది కదా! సెక్యులర్ మిత్రులతో ఈ సంగతి చెప్పినప్పుడల్లా వాళ్ళు ఆ మనిషిని తిట్టి ఊరుకుంటారు. మాకది చాలదు. ఆ జీపులో నిజంగానే పిల్లలున్నారు. అతని అనుమానం తప్పు, అతని భయం తప్పు కాదు. ఈ రెండింటినీ విడదీయడం ఎలాగన్నదే మా ప్రశ్న.

చిచ్చాకు సాకు ఉంది. డ్రమ్ముకు కొత్త రంగు, నలిగి వదులయిందంటే కాదనేవాళ్ళు లేరు. ఆ మాట అనలేదు. "తప్పు మాదే" అన్నాడు, అందరూ వింటుండగా. ఆ రాత్రి వీధిలో మిగతా షెడ్లవాళ్ళు వచ్చి కూర్చున్నారు. ఈ టైములో ఎందుకు ఒప్పుకున్నావ్? రేపు ఒక్కో షెడ్డునూ ఇదే మాట అంటారు. నీ ఒక్కడి తప్పా ఇది, కౌమ్ మొత్తానికి అంటించావ్ కదా అన్నారు. మేం కూడా వాళ్ళవైపే ఉన్నాం. అసలు దోషులం మేమే కాబట్టి మరీ.

ఈరోజు ఎటువైపని అడిగితే చిచ్చా వైపే అంటాం, కొంత తడబడుతూనే. ఎవరూ చూడకపోయినా చూసేవాడొకడున్నాడన్న ఎరుకతో పని చెయ్యడాన్ని ఇహ్సాన్ అంటారు మా పెద్దలు. ఒంటెను ముందు కట్టి, ఆ తర్వాత దేవుడి మీద భారం వెయ్యమన్నారు ప్రవక్త. నట్టు బిగించకుండా ఇన్షా అల్లా అనేవాళ్ళు మాలోనూ ఉన్నారు. పన్నెండేళ్ళ పిల్లల్ని బడినుంచి తెచ్చి జాకీ కింద పెట్టేవాళ్ళూ మాలోనే ఉన్నారు. ఇది మేం మాట్లాడకపోతే ఎవరు మాట్లాడతారు? కానీ తప్పు ఒప్పుకోవాలంటే అవతల వినే మనిషి కావాలి. ఒక్కడి తప్పును ఒక్కడి తప్పుగా వినేవాడు కావాలి. ఆ మాత్రం హామీ మిగతావాళ్ళందరికీ పుట్టుకతోనే ఉంది. మాకు లేదు. మంచి ముస్లిం అనే సర్టిఫికెట్టు మేం అడగడం లేదు. అందరిలాగే పొరపాటు చేసి, అందరిలాగే తిట్లు తినే హక్కు అడుగుతున్నాం.

ఆ డిసెంబరు తర్వాత మా వీధిలో ఒక వింత చూశాం. పానాకు పైపు తొడిగి మరీ బిగించడం మొదలెట్టారు కుర్రాళ్ళు. మళ్ళీ మాట పడకూడదని. వేసవికల్లా స్టడ్డులు పుటుక్కుమని విరగడం మొదలైంది. మితిమీరి సాగిన ఇనుము మళ్ళీ స్ప్రింగు కాదు. ఇది షెడ్డు సంగతే కాదు. మాకంటే గట్టిగా జెండా ఎగరేసే మనుషుల్ని మా ఇళ్ళలోనే చూశాం. జనగణమనకు టాగోర్ 1919లో ఇంగ్లీషు అనువాదం రాసింది మదనపల్లెలో, బిసెంట్ కాలేజీలో. ఆ ఊళ్ళో పుట్టి కూడా ఆ పాట ఎంత గట్టిగా పాడితే చాలో లెక్కేసుకుంటూ పాడాం.

అనుమానం పాతబడలేదు. 2022లో కుప్పం సరిహద్దుకు అవతల కర్నాటకలో కొన్ని గుడి జాతరల్లో మావాళ్ళ అంగళ్ళు వద్దన్నారు. 2024లో ఉత్తరప్రదేశ్‌లో కావడి యాత్ర దారి పొడుగునా హోటళ్ళకు యజమాని పేరు రాయమంటే సుప్రీంకోర్టు ఆపాల్సి వచ్చింది. వంట చూసి తినాలి, నట్టు చూసి ఎక్కాలి. చూడవద్దని మేం ఎన్నడూ అనలేదు. చూడమని చెప్పిందే మేం. పేరు చూసి నట్టు చూడటం వేరు.

ఆ రోజు చిచ్చా ఐదు నట్లూ విప్పి, డ్రమ్ము ముఖం గీకి, తన చేత్తో మళ్ళీ బిగించాడు. డబ్బు తీసుకోలేదు. "పుంగనూరులో ఆగి ఇంకోసారి చూడండి" అన్నాడు, ఎప్పటిలాగే. ఆసామి బదులివ్వలేదు. ఆ జీపు మళ్ళీ మా షెడ్డుకు రాలేదు.

చిచ్చా మమ్మల్ని కొట్టలేదు. పాత డ్రమ్ము ఒకటి ముందర పడేసి, రిమ్ము ఎక్కించి ఐదూ బిగించమన్నాడు. బిగించాక విప్పమన్నాడు. మగ్రిబ్ అజాన్ దాకా బిగిస్తూ, విప్పుతూ ఉన్నాం. లోపల రేడియో ఇంకా మోగుతూనే ఉంది.