గంట వెల ఎంత?

పారేసిన వస్తువును తిరిగి పనికి తెచ్చుకోవడం మంచి గుణం. మన అవ్వలు చిరిగిన చీరలను బొంతగా కుట్టారు, పగిలిన కుండలో కోళ్ళకు నీళ్ళు పోశారు. పల్లె బడుల్లో చాలాకాలం చెట్టుకొమ్మకు వేలాడే రైలుపట్టా ముక్కే గంట. కంచు గంట కొనే స్తోమత లేని విచారణల్లో విశ్వాసులను పూజకు పిలిచింది కూడా ఇలాంటి ఇనుమే.

ఇప్పుడు ఆ పాత ఇనుము అలంకారంగా మారుతోంది. వాడేసిన సిలిండరు అడుగు కోసి, అంచు నునుపు చేసి, రంగు వేసి, ఇంటి ముందు తోటలో వేలాడదీస్తున్నారు. మెడ దగ్గర వేలాడదీస్తే కింది అంచు స్వేచ్ఛగా కంపిస్తుంది. చెక్క సుత్తితో తడితే నాదం చాలాసేపు నిలుస్తుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, వినడానికి హాయిగా ఉంటుంది. ఇందులో ధర్మాధర్మ విచారణకు చోటెక్కడిది అనిపించవచ్చు. చోటుంది.

లోహానికి మనస్సాక్షి లేదు. దాన్ని మంచికి వాడాలో చెడుకు వాడాలో నిర్ణయించేది మనిషే. 1870-71 యుద్ధంలో ఫ్రెంచివారి నుంచి పట్టుకున్న ఫిరంగులను కరిగించి జర్మనీలోని కొలోన్ ప్రధాన దేవాలయానికి పెద్ద గంట పోశారు. 1918లో ఆ గంటనే యుద్ధ అవసరాల కోసం మళ్ళీ కరిగించారు. ఇటలీలోని రొవెరెతో పట్టణంలో దీనికి భిన్నంగా జరిగింది. ఆంతోనియో రొస్సారో అనే గురువు పూనికతో, మొదటి ప్రపంచయుద్ధంలో పోరాడిన దేశాల ఫిరంగుల కంచుతో 1924లో ఒక గంట పోశారు. అది చెడిపోతే 1964లో తిరిగి పోశారు. ఈనాటికీ ప్రతి సాయంత్రం యుద్ధమృతుల కోసం అది నూరుసార్లు మోగుతుంది. రెండు చోట్లా ఫిరంగి లోహమే. గంట విలువ దాని లోహంలో లేదు, దాన్ని చేసిన తీరులో, చేసిన ఉద్దేశంలో ఉంది.

మన తోటలోని గంటకు కూడా ఇదే కొలత. రేణిగుంట నుంచి శ్రీకాళహస్తి పోయే దారిలో ఏర్పేడు వంటి ఊరిలో ఒకరికి ఇలాంటి గంట మీద మనసయిందనుకుందాం. ఆయన పాత ఇనుప అంగడిలో ఒక సిలిండరు బేరమాడి, వెల్డింగ్ షాపుకు తెచ్చి, "అడుగు కోసివ్వప్పా" అంటాడు. కోసేది ఎవరు? చాలాసార్లు అక్కడ పని నేర్చుకుంటున్న కుర్రవాడే.

ఖాళీ అనుకున్న సిలిండరు నిజంగా ఖాళీ కాదు. వాల్వు తిప్పితే 'బుస్'మని పోయేది లోపలి ఒత్తిడి మాత్రమే. బయటి గాలితో ఒత్తిడి సమానమయ్యాక మిగిలిన గ్యాసు లోపలే ఉంటుంది. వంటగ్యాసు గాలికన్నా బరువు. గాలిలో నూటికి రెండు పాళ్ళు కలిసినా నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. మూసి ఉన్న ఇనుప గోడల మధ్య అంటుకుంటే ఆ సిలిండరే బాంబు అవుతుంది. క్లోరిన్, అమ్మోనియా నింపినవైతే విషం. వెల్డింగుకు వాడే ఎసిటిలీన్ సిలిండరు లోపల ఎసిటోన్ నానిన పదార్థం ఉంటుంది కాబట్టి దాన్ని అసలు కోయకూడదు.

ఇంకొక సంగతి. మన వంటింటి గ్యాస్ బండ మనది కాదు. మనం కట్టింది డిపాజిట్టు మాత్రమే, సిలిండరు ఆయిల్ కంపెనీ సొత్తు. పరీక్షలో నెగ్గని సిలిండర్లను మళ్ళీ అతికించడానికి వీల్లేకుండా ముక్కలు చేయాలని లేదా నలగ్గొట్టాలని నిబంధనలు చెబుతున్నాయి. అందుకే అంగడిలో చెక్కుచెదరని గ్యాస్ బండ కనబడితే, అది అక్కడికి ఎలా వచ్చిందని అడగాలి. ఒక్క గంటలో రెండు ఆజ్ఞలు ఇమిడి ఉన్నాయి: చంపవద్దనే ఐదవది, దొంగిలించవద్దనే ఏడవది.

"ఆ కుర్రవాడు ఒప్పుకునే చేశాడు కదా, కూలి ఇచ్చాం కదా" అని కొందరంటారు. అసలు ప్రశ్న ఇదే. ఒప్పుకోలు ఉంటే సరిపోతుందా? ప్రమాదం తెలియనివాడు ఒప్పుకున్నది దేనికి? 2010లో ఢిల్లీలోని మాయాపురి పాత ఇనుప బజారులో ఏం జరిగిందో గుర్తు చేసుకుందాం. ఒక విశ్వవిద్యాలయం వాడకుండా పక్కన పెట్టిన యంత్రాన్ని వేలంలో అమ్మింది. అందులో కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక పదార్థం ఉంది. ఆ సంగతి తెలియకుండానే దాన్ని విప్పారు. ఒక కార్మికుడు ప్రాణం కోల్పోయాడు, మరికొందరు ఆసుపత్రి పాలయ్యారు. అమ్మినవారి దృష్టిలో అది తుక్కు. విప్పినవారి దృష్టిలో అది ఆ పూట కూలి.

ప్రమాదం తెలిసినవాడి మాటేమిటి? సాయంత్రానికి ఇంట్లో బియ్యం కావాల్సినవాడు 'కాదు' అనగలడా? 'కాదు' అనే వీలు లేనివాడి 'ఔను'ను అడ్డం పెట్టుకుని మన చేతులు కడుక్కోలేము. అత్యవసరమైతే మనుషులు ప్రమాదానికి ఎదురెళతారు. బావిలో పడిన బిడ్డ కోసం దూకేవాణ్ణి మనం మెచ్చుకుంటాం. తోటలోని అలంకారం అలాంటి అవసరం కాదు.

దివంగత జగద్గురువులు ఫ్రాన్సిస్ 2015లో వెలువరించిన 'లౌదాతో సి' లేఖలో, వస్తువులను పారవేసే అలవాటు మనుషులను కూడా పారవేసే దాకా వస్తుందని హెచ్చరించారు. పారేసిన ఇనుమును ఆదుకుంటూ, దాన్ని కోసే మనిషిని లెక్కచేయకపోతే మనం ఆ మాటలో సగమే విన్నట్టు.

అలాగని గంట వద్దనడం లేదు. ఆ కుర్రవాడి కూలి పోగొట్టమనీ అనడం లేదు. రెండు వైపులా తెరిచి ఉన్న మందపాటి గొట్టం ముక్క తీసుకోండి. రైలుపట్టాలాగే అదీ మోగుతుంది, దాని లోపల ఏ గ్యాసూ దాగి ఉండదు. అదైనా ఎక్కడి నుంచి వచ్చిందో అడిగి తీసుకోండి. సిలిండరే కావాలంటే, హక్కున్నవారు అమ్మి, తెలిసినవారు గ్యాసు పూర్తిగా తీసి, కోసి ఇచ్చినదే కొనండి. దాని వెల కాస్త ఎక్కువే ఉంటుంది. ఆ ఎక్కువ వెల ఒక మనిషి క్షేమానికి కట్టేది. దానికి బేరమాడకండి. కోసేవాడి కళ్ళకు అద్దాలు, చేతులకు తొడుగులు ఉన్నాయో లేదో ఒకసారి చూడండి, లేకపోతే పని ఆపమనండి.