షష్ఠి చాటున యజమాని

“నా ఇల్లు అంటాం, ఇల్లు మనం కాదు; నా చొక్కా అంటాం, చొక్కా మనం కాదు; అలాగే నా శరీరం అంటున్నాం కనుక శరీరమూ మనం కాదు.” వేదాంత ప్రవచనాల్లో తరచు వినిపించే వాదం ఇది. వినడానికి అతికినట్టే ఉంటుంది. ఆత్మ ఉందా లేదా అన్నది అలా ఉంచి, “నా” అనడంలోని షష్ఠీ విభక్తి దానికి సాక్ష్యం చెప్పగలదా అని అడిగితే, చెప్పలేదనే అనాలి. ఇంగ్లీషువాళ్లు తమ షష్ఠిని చూసి సరిగ్గా ఇలాగే పొరబడ్డారు. “జాన్’స్ బుక్” అని రాసేటప్పుడు ఎస్‌కు ముందు పైన పెట్టే చిన్న కొక్కెమే అపాస్ట్రఫీ, అక్షరం జారిపోయిందని చెప్పే గుర్తు. నిజానికి అక్కడ జారింది పాత ఇంగ్లీషు షష్ఠీ ప్రత్యయంలోని అచ్చు. కానీ 17వ శతాబ్దంలో చాలామంది అక్కడ “హిజ్” దాగి ఉందనుకున్నారు, “జాన్, అతని పుస్తకం” అన్నట్టు. 1662 నాటి ఆంగ్లికన్ ప్రార్థనా గ్రంథంలో క్రీస్తు పేరు పక్కనే ఆ “హిజ్” కనిపిస్తుంది. 1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువుకు ముందు చేర్చిన వ్యాకరణంలో దీన్ని తేలిగ్గా కొట్టేశాడు: స్త్రీవాచకాలకూ ఇదే గుర్తు వస్తోంది కదా, అక్కడ “అతని” ఎలా ఇముడుతుంది? ఆ కొక్కెం చాటున యజమాని ఎవడూ లేడు, ఉన్నదల్లా సంబంధమే. “సీజర్’స్ మర్డర్” అన్నంత మాత్రాన హత్య సీజర్ సొత్తు కాదు గదా.

మన వైయాకరణులకు ఇది ఏనాడో తెలుసు. తక్కిన విభక్తులకు చిక్కని సంబంధాలన్నిటినీ పాణిని “శేషం” కింద షష్ఠికి వదిలాడు. దానికి నూటొక్క అర్థాలన్నాడు పతంజలి. సొమ్ముకూ సొమ్ముదారుకూ ఉన్న సంబంధం వాటిలో ఒకటి, అంతే. శాస్త్రాల్లో నలిగిన “రాహువు తల” ఉండనే ఉంది. మొండెం కేతువైపోయాక రాహువంటే తలే, అయినా రాహువు తల అనే అంటాం. “నా శరీరం” చొక్కా వరసలోదో, రాహువు వరసలోదో విభక్తిని చూసి తేల్చడం ఎవరి తరం? పైగా “నా ఆత్మ” అని కూడా అంటున్నాం. ఆ లెక్కన ఆత్మా నేను కాకుండా పోవాలి.

“మా వాదం విభక్తి మీద కాదు, అనుభవం మీద నిలిచింది, చూసేవాడు చూడబడేదానికంటే వేరు” అని వేదాంతి అనవచ్చు. అది గట్టి వాదమే, దానితో తలపడాలంటే వేరే సరంజామా కావాలి. కానీ అప్పుడు చొక్కాతో పనేముంది? నేను, నాది అనే లోకవ్యవహారమంతా అధ్యాస వల్ల, అంటే ఒకదాన్ని మరొకటిగా పొరబడటం వల్ల, వచ్చిందేనని బ్రహ్మసూత్ర భాష్యం మొదట్లోనే శంకరుడు తేల్చాడు. ఆచార్యుడు భ్రాంతి ఖాతాలో వేసిన మాటనే శిష్యులు పట్టుకొచ్చి సాక్షి బోనులో నిలబెడుతున్నారు.