"నాలో ఏం తప్పుంది?" అని బిడ్డ అడిగితే



బడి నుంచి వచ్చిన మీ బిడ్డ, "అమ్మా, నాలో ఏం తప్పుంది?" అని అడిగితే ఏం చెప్తారు? ఈ ప్రశ్న మనకు కొత్త కాదు. అమెరికాలోని నల్లజాతి తల్లిదండ్రులకూ కొత్త కాదు. తరతరాలుగా దానితో పెనుగులాడిన వాళ్ల దగ్గర మనం నేర్చుకోవలసింది ఉంది.

1940ల్లో కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అనే నల్లజాతి దంపతులు నల్లజాతి పిల్లల ముందు తెల్లబొమ్మలు, నల్లబొమ్మలు పెట్టారు. పిల్లల వయసు మూడు నుంచి ఏడేళ్లు. "మంచి బొమ్మ ఏది?" అంటే ఎక్కువమంది తెల్లబొమ్మనే చూపించారు. "నీలా ఉన్నది ఏది?" అంటే కొందరు ఏడ్చేశారు. బడుల్లో వర్ణ విభజన చెల్లదని 1954లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పినప్పుడు ఈ పరిశోధనను కూడా ప్రస్తావించింది.

ఆ పసివాళ్లకు ఎవరూ కూర్చోబెట్టి పాఠం చెప్పలేదు. అయినా నేర్చుకున్నారు. కాబట్టి "పెద్దయ్యాక చెప్దాంలే" అనుకుంటే లాభం లేదు. మనం చెప్పకపోతే లోకం చెప్తుంది. తప్పుగా చెప్తుంది.

సరే, ఉన్న ఘోరమంతా చెప్పేద్దామా? నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్‌కు ఇదే చిక్కు వచ్చింది. ఆయన పత్రికలో పిల్లల ప్రత్యేక సంచికల్లో కూడా నల్లవాళ్లపై జరిగిన దారుణాలు అచ్చయ్యేవి. పన్నెండేళ్ల పిల్ల ఒకతి, తెల్లవాళ్లంటే తనకు ద్వేషమని ఆయనకు ఉత్తరం రాసింది. ఆయన కలత చెందారు. నిజం దాచలేం, ద్వేషం నేర్పలేం. అందుకే 1920 జనవరిలో జెస్సీ ఫాసెట్ తదితరులతో కలిసి నల్లజాతి పిల్లల కోసమే ఒక మాసపత్రిక మొదలుపెట్టారు. కథలు, ఆటలు, తమ జాతి గొప్పవాళ్ల జీవితాలు, తమలాంటి పిల్లల ఫొటోలు అందులో ఉండేవి. రెండేళ్లే నడిచింది. కానీ తర్వాత మహాకవి అయిన లాంగ్‌స్టన్ హ్యూస్ తొలి కవితలు కొన్ని అందులోనే వచ్చాయి.

ఇక్కడ బాబాసాహెబ్‌ను గుర్తు చేసుకుందాం. 'బుద్ధుడు - ఆయన ధమ్మం' ముందుమాటలో ఆయన ఒక ప్రశ్న వేశారు: బతుకంతా దుఃఖమే అయితే మనిషికి ఆశ ఎక్కడ? దుఃఖం ఉందని గుర్తించడంతో బుద్ధుడు ఆగలేదనీ, దాన్ని తొలగించడం మీద అంతే గట్టిగా నిలబడ్డాడనీ ఆ గ్రంథంలో చూపించారు. పిల్లల పెంపకంలోనూ అంతే. దుఃఖం ఒక్కటే చెప్తే భయం. సుఖం ఒక్కటే చెప్తే మోసం. రెంటికీ నడుమ చెప్పాల్సింది ఒకటుంది: కారణం.

1662లో అమెరికాలోని వర్జీనియా వలస పాలకులు ఒక చట్టం చేశారు. తల్లి బానిస అయితే పుట్టిన బిడ్డా బానిసే. దేవుడు రాసిన రాత కాదది, మనుషులు రాసిన చట్టం. 1865లో రాజ్యాంగ సవరణతో బానిసత్వం రద్దయింది. వివక్ష మాత్రం వేరే వేషాల్లో వచ్చింది, నేటికీ ఉంది. అయినా, కారణం వల్ల పుట్టినది ఆ కారణం పోతే పోతుంది. ఆశ అంటే రేపు అంతా బాగుంటుందని జోస్యం చెప్పడం కాదు, ఈ అవగాహనే.

నేటికీ అక్కడి తల్లిదండ్రులు కొడుకులకు చెప్తారు: పోలీసు ఆపితే చేతులు కనబడేలా పెట్టు, గబుక్కున కదలకు. ఇది చెప్పక తప్పదు. కానీ దాంతో పాటే ఇంకో మాట చెప్పాలి: "ఈ జాగ్రత్త నీలో తప్పుండి కాదు నాయనా, వాళ్ల చూపులో తప్పుంది. ఆ చూపును మనుషులు నేర్చుకున్నారు, మనుషులే మాన్పించగలరు."

బడికి గోనెపట్టా మోసుకెళ్లి దాని మీద కూర్చుని చదివిన పిల్లవాడే మన బాబాసాహెబ్. 1946లో ఆయన డుబోయిస్‌కు ఉత్తరం రాశారు, డుబోయిస్ జవాబిచ్చారు. రెండు ఖండాల దుఃఖం ఒకదాన్నొకటి గుర్తుపట్టింది.

ఈ రాత్రి మీ బిడ్డను పక్కన కూర్చోబెట్టుకోండి. గోనెపట్టా సంగతి చెప్పండి. అక్కడే ఆపకండి. ఆ పట్టాను ఎవరు కూర్చోమన్నారో, ఎందుకన్నారో, దాని మీద నుంచి లేచినవాడు ఏం చేశాడో కూడా చెప్పండి.

నమో బుద్ధాయ! జై భీమ్!