పేరు పెట్టే అధికారం ఎవరిది?

మాటకూ అర్థానికీ ఉన్న సంబంధం అనాది అని, దాన్ని ఎవరూ కల్పించలేదని మీమాంసకులు అన్నారు. న్యాయ దర్శనం వారైన నైయాయికులు ఒప్పుకోలేదు. ఈ మాట వింటే ఈ అర్థం తెలియాలన్న సంకేతమే శక్తి, ఆ సంకేతం ఈశ్వరుడిది అన్నారు. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన ‘తర్కసంగ్రహం’ చదివినవాళ్లకు ఈ వాదం కొత్త కాదు.

చిక్కంతా కొత్త పేర్ల దగ్గరే. నిన్న పుట్టిన బిడ్డ పేరుకు ఈశ్వర సంకేతం ఎక్కడిది? పదకొండో రోజున తండ్రి బిడ్డకు పేరు పెట్టాలని శాస్త్రం చెప్పింది గనుక ఆ పేరు వెనకా ఈశ్వరుడి ఇచ్ఛ ఉంది, దానికీ శక్తి ఉందంటుంది విశ్వనాథ పంచాననుడి ‘న్యాయసిద్ధాంత ముక్తావళి’. మరి మనుషులు తమ అవసరానికి కల్పించుకున్న పారిభాషిక పదాల మాటేమిటి? వాటికి శక్తి లేదని సంప్రదాయం. ఇచ్ఛ ఎవరిదైనా శక్తి ఉన్నట్టేనని నవ్యులు, అంటే నవ్య నైయాయికులు.

జీపీయూ మీద కెర్నెల్ (అక్కడ నడిచే ప్రోగ్రాం) రాసేవాళ్లు రోజూ నవ్యుల పక్షమే. మెమరీలో ఉండేవి బిట్లు, వాటికి అర్థమిచ్చేది రాసేవాళ్ల ఇచ్ఛే. ఒకే 32 బిట్ల వరుసను దశాంశ సంఖ్యగా, అంటే ఫ్లోట్‌గా చదివితే 1.0, పూర్ణాంకంగా చదివితే 1,06,53,53,216. ధర్మవరం మగ్గం మీది జాకార్డు అట్టలో రంధ్రమూ అంతే. ఏ కొక్కేనికి ఏ పడుగు పోగులు కట్టారన్నదాన్ని బట్టే అది చీర అంచున లేపాక్షి డిజైను అవుతుంది.

అయితే ఇచ్ఛ ఒక్కటే సరిపోదు. ఒక కణానికి సొంత స్ట్రక్ట్ (కొన్ని విలువలను కలిపి కట్టిన రకం) తయారుచేశారనుకుందాం: స్థానానికి మూడు ఫ్లోట్లు, ద్రవ్యరాశికి ఒకటి. సీపీయూ వైపు మామూలు సీ భాషలో అది 16 బైట్లు. జీపీయూ ప్రోగ్రాములు రాసే ఓపెన్‌సీఎల్‌లో, కెర్నెల్‌లో స్థానాన్ని మూడు ఫ్లోట్ల రకం ‘ఫ్లోట్3’ అని రాస్తే ఆ ఒక్కదానికే 16 బైట్లు పోతాయి. ద్రవ్యరాశి 17వ బైటు నుంచి మొదలవుతుంది, స్ట్రక్ట్ మొత్తం 32 బైట్లవుతుంది. సీపీయూ నుంచి కణాల వరుసను ఆ కెర్నెల్‌కు పంపితే, మొదటి కణం స్థానం సరిగ్గానే వస్తుంది. దాని ద్రవ్యరాశి చోట మాత్రం రెండో కణం ఎక్స్ విలువ వచ్చి కూర్చుంటుంది. రెండోదనుకుని చదివేది మూడో కణాన్ని. కంపైలర్ పల్లెత్తు మాట అనదు.

మరో జీపీయూ వేదిక అయిన కుడాలో ‘ఫ్లోట్3’ 12 బైట్లే. అదే స్ట్రక్ట్ అక్కడ 16 బైట్లతో సాఫీగా నడుస్తుంది.

మాట వాడేవాడు ఒంటరిగా దాని అర్థం మార్చలేడన్న మీమాంసకుల పట్టు ఇక్కడ నిలుస్తుంది. సంకేతం మనుషులు చేసిందే, కానీ చేశాక అది ఏ ఒక్కరి సొత్తూ కాదు. ఆ ఉమ్మడి సంకేతాన్ని రాసిపెట్టే చోటే హెడర్ ఫైలు. ఓపెన్‌సీఎల్ హెడర్లలో హోస్టు (సీపీయూ వైపు ప్రోగ్రాం) కోసం ఉన్న ‘సీఎల్_ఫ్లోట్3’ కూడా 16 బైట్లే ఉండటం ఇందుకే.

గుడిబండ, హిందూపురం వైపు నుంచి బెంగళూరు వెళ్లి ఈ పనిలో దిగే పిల్లలు సొంత రకాన్ని ఒకే హెడర్‌లో రాయాలి. హోస్టులోనూ కెర్నెల్‌లోనూ దాన్నే చేర్చాలి. రెండు వైపులా సైజాఫ్ (రకం ఎన్ని బైట్లో చెప్పేది) ఎంత చూపిస్తోందో సరిచూసుకున్నాకే ఫలితాన్ని నమ్మాలి.