ఇంటివారి హక్కు

సోదరులారా! పెంటపాడు నుండి తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టుకు, కొట్లకు పనికి వెళ్ళే మనలో కొందరు ఇల్లు చేరేసరికి పిల్లలు నిద్రపోతుంటారు. "ఈ కష్టమంతా వారి కోసమేగా!" అంటాము.

హజ్రత్ అబూ దర్దా (రజి) పగలు ఉపవాసంలో, రాత్రి నమాజులో గడుపుతూ ఇల్లాలిని పట్టించుకోలేకపోయారు. హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) అది చూసి, ప్రభువుకూ, శరీరానికీ, ఇంటివారికీ మనపై హక్కులున్నాయనీ, ఎవరి హక్కు వారికి చెల్లించాలనీ బోధించారు. సల్మాన్ చెప్పింది నిజమేనని దైవప్రవక్త (స) ధృవీకరించారు. ఈ సంఘటన బుఖారీలో ఉంది.

ఆలోచించండి! ఆరాధన పేరుతోనే ఇంటివారి హక్కు ఎగవేయరాదన్నప్పుడు, సంపాదన పేరుతో ఎలా చెల్లుతుంది? ఒప్పుకున్న వేళలో నిజాయితీగా పనిచేయండి. అది యజమాని హక్కు. వేళ ముగియగానే ఇంటికి బయలుదేరండి. అది ఆలుబిడ్డల హక్కు. పనివారిని వేళ మించి ఆపే యజమానులూ అల్లాహ్‌కు భయపడాలి. ప్రళయదినాన ప్రతి హక్కు గురించీ ప్రశ్న ఉంటుంది. అల్లాహ్ మనకు సద్బుద్ధి ప్రసాదించుగాక! ఆమీన్.