రంగు తేడా వస్తే తప్పెవరిది?

"ఐదు వేళ్ళూ ఒక్కలా ఉండవు" అని మా అవ్వ అంటుంటుంది. మనుషుల విషయంలో ఈ మాట అందరం ఒప్పుకుంటాం. మరి అంగడికి పోయి రెండు దారపు చిలపలు కొన్నప్పుడు ఒకటి ముదురుగా, ఇంకొకటి లేతగా ఉంటే ఒప్పుకుంటామా? "ఇది డ్యామేజీ, మార్చివ్వు" అంటాం. చేత్తో నూలుకు రంగు వేసేవాళ్ళకు ఈ తేడా ఎప్పుడూ వస్తూనే ఉంటుంది. అది తప్పా, కాదా? ఈ ప్రశ్న నాకు పుస్తకంలో దొరకలేదు, మా ఇంట్లోనే దొరికింది.

మాది మోక. మా నాయన రోజూ బస్సులో బళ్లారికి పోయి జీన్స్ ఉతికే చోట పని చేస్తాడు. కొత్త ప్యాంటును మిషన్‌లో ఉతికి, కావలసినంత రంగు దించడం ఆ పని. పోయిన సంవత్సరం ఒక లాటులో కొన్ని ప్యాంట్లకు రంగు ఎక్కువ దిగిందని ఆ వారం కూలిలో కోత పెట్టారు. నీళ్ళు మారినాయా, మందు ఎక్కువైందా, మిషన్ ఎక్కువసేపు తిరిగిందా అని ఎవరూ అడగలేదు. ఆ రాత్రి మా నాయన అన్నం సరిగా తినలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు మా బడిలో పిల్లలు చేసిన వస్తువుల ప్రదర్శన పెట్టారు. నేను నూలు దారానికి రంగు వేసి అమ్ముదామనుకున్నాను. అంగట్లో ఎర్రగడ్డల మూటల అడుగున మిగిలిన పొట్టు అడిగి తెచ్చుకున్నాను. తెల్ల దారాన్ని పటిక నీళ్ళలో నానబెట్టి, పొట్టు ఉడికించిన నీళ్ళలో వేశాను. మొదటి దఫా కొళాయి నీళ్ళతో చేస్తే బంగారంలాంటి పసుపు వచ్చింది. రెండోసారి కొళాయి రాలేదు, బోరు నీళ్ళు పట్టాను. అదే పొట్టు, అదే పటిక, కానీ రంగు మబ్బుగా వచ్చింది. నీళ్ళలో ఇనుము ఉంటే రంగు నల్లబారుతుందని తర్వాత మా సైన్సు టీచర్ చెప్పారు.

ప్రదర్శన రోజు మా వీధి అక్క ఒకామె జాకెట్ మీద కుట్టుపనికి ఒకే రంగువి రెండు చిలపలు అడిగింది. మంచి రంగుది ఒక్కటే మిగిలింది. షామియానా నీడలో రెండూ ఒకేలా కనిపించాయి. నాకు తెలుసు. అయినా మాట్లాడకుండా ఇచ్చి ఇరవై రూపాయలు తీసుకున్నాను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా నాయన ఏమీ దాచలేదు, ఆయనకు కోత పడింది. నేను తెలిసి దాచాను, నాకు డబ్బు వచ్చింది. రెండు చోట్లా వచ్చింది రంగు తేడానే. కాబట్టి తప్పు తేడాలో లేదు. మరి ఎక్కడుంది?

తెలంగాణలోని పుట్టపాకలో తేలియా రుమాళ్ళు నేస్తారు. అక్కడ నూలును నూనె, ఆముదం కాయల బూడిద కలిపిన నీళ్ళలో చాలా రోజులు నానబెట్టి, పిసికి, ఆరబెడతారు. తర్వాత నూలు మీద అక్కడక్కడ ముడులు కట్టి, ఎరుపు, నలుపు రంగులు పట్టిస్తారు. నేసిన తర్వాత పువ్వు అంచు కొంచెం చెదిరినట్టు కనిపిస్తుంది. మిషన్ అచ్చులో అలా వస్తే పక్కన పారేస్తారు. ఇక్కడ మాత్రం అదే చేతిపనికి గుర్తు. ఈ నేతలో పేరున్న గజం గోవర్ధన గారికి 2011లో పద్మశ్రీ వచ్చింది. 2020లో తేలియా రుమాలుకు జీఐ గుర్తింపు కూడా వచ్చింది. అక్కడ తేడాను ఎవరూ దాచరు. కొనేవాళ్ళు తెలిసే కొంటారు.

విదేశాల్లో ఇంట్లోనే ఉన్ని నూలుకు రంగు వేసి అమ్ముకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. "రెండు చిలపలు ఒకేలా రావు, రెండు వరుసలకు ఒకసారి చిలప మార్చి అల్లండి, తేడా కలిసిపోతుంది" అని వాళ్ళు ముందే చెప్తారంట. ఈ మాట నాకు చాలా నచ్చింది.

అయితే చేతిపనే గొప్ప, మిషన్ పని తక్కువ అని నేను అనను. మా నాయనకు ఇదంతా చెప్తే నవ్వి, "లారీడు ప్యాంట్లు ఒక్కోటి ఒక్కో రంగులో ఉంటే ఎవరు కొంటారు పాప? మిషన్ ఉంది కాబట్టే మనకు చవగ్గా బట్ట దొరుకుతోంది" అన్నాడు. నిజమే. సొంతంగా రంగు వేసేవాళ్ళకు ఇంకో కష్టం కూడా ఉంది. ఒక దఫా చెడిపోతే నూలు, కట్టెలు, రోజుల పని అన్నీ వాళ్ళ నెత్తిమీదే పడతాయి. అడిగేవాళ్ళు లేరు కాబట్టి స్వతంత్రం అనుకుంటాం గానీ, జవాబు చెప్పాల్సింది కూడా వాళ్ళే.

నష్టాన్ని కింది వాళ్ళ మీదికి తోయడం మాత్రం అన్యాయం. చంపారన్ పాఠంలో ఇదే ఉంది. రైతు ఇరవై కట్టాల్లో మూడు కట్టాలు నీలిమందు వేయాల్సిందే. 1897లో జర్మనీ నుంచి ఫ్యాక్టరీ నీలం అమ్మకానికి వచ్చాక చెట్టు నీలానికి ధర పడిపోయింది. తోటల దొరలు తమ నష్టాన్ని రైతుల మీద వేశారు. 1917లో గాంధీజీ అక్కడికి పోయింది అందుకే. జీన్స్‌కు వేసేదీ ఆ ఫ్యాక్టరీ నీలమే.

మరుసటి ఆదివారం ఆ అక్క ఇంటికి పోయి జరిగింది చెప్పి, పది రూపాయలు తిరిగి ఇవ్వబోయాను. అక్క రెండు చిలపలూ ఎండలోకి తెచ్చి చూసింది. "ముదురుది ఆకులకు, లేతది పూలకు వాడుకుంటాలే. కానీ ముందే చెప్పింటే ఇంకొకటి కూడా తీసుకునేదాన్ని కదా పాప" అంది. డబ్బు తీసుకోలేదు. నాకు సిగ్గేసింది.

కాబట్టి నాకు అర్థమైంది ఇది. రంగు తేడా తప్పు కాదు. తెలిసి దాచడం తప్పు. ఎందుకొచ్చిందో అడగకుండా శిక్ష వేయడం కూడా తప్పే. మొదటిది నేను చేశాను, రెండోది మా నాయనకు జరిగింది. నాది సరిచేసుకోవడం నా చేతిలో ఉంది. ఈసారి ప్రదర్శనలో ఒక్కో చిలపకు ఒక చీటీ కడతాను. ఏ దఫా, ఏ నీళ్ళు అని రాస్తాను. మా నాయన కూలి మాత్రం ఇంతవరకు తిరిగి రాలేదు.

— పదో తరగతి విద్యార్థిని, తెలుగు మాధ్యమం